చొక్కా జేబులో చీపురు పుల్ల

మార్చి 3, సోమవారం

ఈ నోటుపుస్తకాన్ని ఇన్నేళ్ళూ కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం. ఇవాళ తీసి దుమ్ము దులిపాను. రెక్క కొట్టుకుంటే కొట్టుకోనీ. ఈ సంతోషాన్ని ఎక్కడో ఒకచోట దించుకోకపోతే నా ఛాతీ పట్టేలా లేదు.

పొద్దున్నే పిల్ల టీ గ్లాసు నా చేతిలో పెట్టి, పక్కన కూర్చుని, "నాన్నా, కారు షెడ్డు ఖాళీగానే ఉంది కదా. అందులో పాలిష్ షాపు పెడతాను. నువ్వు నేర్పాలి" అంది.

నేను నేర్పాలట! ఎనిమిదో తరగతి గట్టెక్కలేని వాణ్ణి, నేను!

పదహారేళ్ళు కుళాయిలూ తలుపు పిడులూ అమ్మే షాపులో నిలబడి కాళ్ళు అరగదీసుకుంది. వచ్చిన వాళ్ళు పాత ఇత్తడి పిడులు తెచ్చి, వీటిని మళ్ళీ కొత్తవాటిలా చేసేవాళ్ళు ఉన్నారా అని అడిగేవాళ్ళట. "ఉన్నారండీ, మా ఇంట్లోనే ఉన్నారు, కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు అని చెప్పాలనిపించేది నాన్నా" అంది. నలభై ఏళ్ళు వచ్చాయి దానికి. నాకు మాత్రం పిల్లే.

మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. "ముప్పై ఏళ్ళు ఆ నల్లదుమ్ము ఉతికాను. మళ్ళీనా? తండ్రీకూతుళ్ళ బట్టలు మీరే ఉతుక్కోండి." అంటే ఒప్పుకున్నట్టే.

తమ్ముడి కూతురు అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తల్లి పురిట్లోనే పోయింది. తమ్ముడు పోయేనాటికి దీనికి రెండేళ్ళు. ఆ రోజు మా ఆవిడ చంక ఎక్కింది, మళ్ళీ దిగలేదు. మొదటిసారి నన్ను నాన్నా అన్నప్పుడు నేను గుమ్మంలో చెప్పులు విప్పుకుంటున్నాను. ఒక చెప్పు కాలికే ఉంచుకుని లోపలికి పరిగెత్తాను.

సాయంత్రం షెడ్డు కొలిచాం. పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పది. కిటికీ ఉత్తరం వైపు, మంచి వెలుతురు. బల్ల ఎక్కడో, మిషను ఎక్కడో, పిల్ల సుద్దముక్కతో గీతలు గీసేసింది. పైన అటక ఉంది. దాని మీద పాత సామాను. "రేపు దించేస్తాను" అంది.

అటక సంగతి నేను చూసుకుంటానన్నాను. నిచ్చెన మెట్లు వదులుగా ఉన్నాయి.

మార్చి 4, మంగళవారం

నిచ్చెన మెట్లు నిజంగానే వదులుగా ఉన్నాయి. వెళ్ళి చూశాను.

మార్చి 6, గురువారం

ఇవాళ మొదటి పాఠం. భోజనాల బల్ల మీద. పిల్ల నోటుపుస్తకం, పెన్నూ పట్టుకుని బడిపిల్లలా కూర్చుంది. దాని ముందు నేను మాస్టారిలా! నా కళ్ళలో నీళ్ళు తిరిగితే మా ఆవిడ చూసి, "ఉల్లిపాయలు నేను కోస్తుంటే ఏడుపు మీకెందుకు?" అంది.

మొదట చక్రాల సంగతి చెప్పాను. గీతలు చెరిపేందుకు నార చక్రం. దాని తర్వాత దగ్గర దగ్గరగా కుట్లు వేసిన గుడ్డ చక్రం. ఆఖర్న మెరుపు తెచ్చేందుకు వదులు గుడ్డ చక్రం. ఒక్కో చక్రానికి ఒక్కో పాలిష్ సబ్బు. నల్లసబ్బు తాకిన చక్రానికి తెల్లసబ్బు జన్మలో తాకించకూడదు. ఒక్క గరుకు రేణువు చాలు, అద్దంలా వచ్చిన పిడి మీద పిల్లి గీరినట్టు అయిపోతుంది. ఏ చక్రం ఏ సబ్బుదో పక్కన పెన్నుతో రాసి ఉంచాలి. వస్తువును చక్రం కింది సగానికే ఆనించాలి, పైసగానికి ఆనిస్తే లాక్కుని మొహం మీదికి విసురుతుంది. చేతి తొడుగులు వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు, జుట్టు ముడి వేసుకోవాలి.

అన్నీ రాసుకుంది. ఎంత చక్కగా రాసుకుందో! ఇది ఏ పనీ అరకొరగా చేయదు. వీధి తలుపు గడియ మూడుసార్లు లాగి చూస్తే గానీ పడుకోదు. గ్యాసు కట్టిందో లేదో గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి చూసుకుంటుంది.

అప్పుడు జేబులోంచి పుల్ల తీశాను.

"ఇదేంటి నాన్నా, మళ్ళీ పుల్ల పురాణమా?"

"నవ్వకు. చక్రం ఆగిందని కన్ను చెప్తే నమ్మకు. పుల్ల చెప్తే నమ్ము. చెయ్యి పెట్టే ముందు పుల్ల తాకించు. ప్రతిసారీ."

"కన్ను కంటే పుల్ల గొప్పదా?"

"గొప్పదే. రాసుకో."

రాసుకుంది. ఎందుకు అని అడగలేదు. చిన్నప్పటి నుంచీ చూస్తోంది కదా. ఫ్యాక్టరీలో నా పేరే పుల్లాయన. రోజుకో కొత్త చీపురు పుల్ల విరిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. రిటైరై పద్నాలుగేళ్ళయినా ఇప్పటికీ పొద్దున లేవగానే ఒకటి విరుస్తాను. చీపుర్లు తొందరగా బక్కచిక్కిపోతున్నాయని మా ఆవిడ గొడవ.

మార్చి 8, శనివారం

సామాన్ల కొట్టుకి వెళ్ళాం. చిన్న సందులో, పైకప్పు దాకా ఇనుము. కొట్టాయన గల్లా దగ్గర కూర్చుని కదలడు, ఏది కావాలన్నా స్క్రూడ్రైవరుతో చూపిస్తాడు.

"చిన్న గ్రైండరు పట్టుకుపోమ్మా. రాళ్ళు ఊడదీసి గుడ్డ చక్రాలు బిగించుకో. ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు" అన్నాడు.

"అందరినీ చేయనివ్వండి. కుళాయి మెడ వంకరగా ఉంటుంది. దాన్ని చక్రం చుట్టూ తిప్పాలంటే మోటారు పొట్ట అడ్డం రాకూడదు. పొడుగు చేతులది కావాలి" అన్నాను.

"ఈ వయసులో పొడుగు చేతులెందుకు బాబాయ్?"

"నాకు కాదయ్యా, మిషనుకి!"

పిల్ల పకపకా నవ్వింది. నవ్వితే కుడిబుగ్గ మీద సొట్ట పడుతుంది. అది తమ్ముడిది.

పొడుగు చేతుల మిషను లోపల ఉంది. రెండు వేగాలు, ఎర్రటి పెద్ద స్విచ్చు. పిల్ల చేత్తో నిమిరి చూసింది. చక్రం ఇటూ అటూ ఊపి బేరింగు చూసింది. నేను చెప్పకుండానే! బ్రేకు ఉన్నది ఉందా అని అడిగాను.

"బ్రేకా? ఇదేమైనా బస్సా బాబాయ్? ఈ సైజులో రాదు. స్విచ్చు కట్టేస్తే అదే ఆగుతుంది, కాస్త సేపటికి."

ఒకసారి వేసి చూపించమన్నాను. వేశాడు, ఆపాడు. నేను పుల్ల తీసి అంచుకి తాకించాను. టప్పున విరిగి ఎగిరిపోయింది. కొట్టాయన కుర్చీలోంచి లేచాడు. మొదటిసారి.

"పుల్లాయన! మీరు పుల్లాయన కదూ! మా నాన్న మీ ఫ్యాక్టరీలోనే, ప్యాకింగులో చేశాడు. మీ గురించి చెప్పి చెప్పి నవ్వేవాడు." ఎంత సంబరపడిపోయాడో, నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ ఊపులోనే, "తాగొచ్చి చక్రంలో చెయ్యి పెట్టినాయన మీ తమ్ముడే కదా? పాపం. మందు ముందు మనిషెంత" అన్నాడు.

పిల్ల పక్కనే సబ్బుపెట్టె మీద రాతలు చదువుతోంది. అక్షరాల మీద జరుగుతున్న బొటనవేలు అక్కడే ఆగిపోయింది.

నేను, "నార చక్రాలు నాలుగివ్వు" అన్నాను.

మిషను బుధవారం ఇంటికి పంపుతానన్నాడు. వారం వాడి చూసి నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాడట. మంచివాడే. దారంతా పిల్లకి చక్రాల సైజుల గురించి చెబుతూనే ఉన్నాను. చక్రం పెద్దదయ్యేకొద్దీ అంచు వేగం పెరుగుతుంది, మొదట్లో ఆరంగుళాలది చాలు, ఇత్తడికి తక్కువ వేగం, స్టీలుకి ఎక్కువ వేగం. చెబుతూనే ఉన్నాను.

మార్చి 9, ఆదివారం

బట్టలు ఆరేస్తూ, నా వైపు చూడకుండా అడిగింది. "నాన్నా, ఆయన ఆ రోజు నిజంగా అంత తాగి ఉన్నాడా? నువ్వు పక్కనే ఉన్నావు కదా."

తమ్ముణ్ణి అది ఆయన అంటుంది. హాల్లో ఫోటో ఉంది. ఫోటోలో ఆయన.

"అందరూ అన్నారమ్మా" అన్నాను.

అందరూ.

మార్చి 12, బుధవారం

వచ్చింది! మిషను వచ్చింది! ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. బల్లకి నాలుగు బోల్టులు నేనే బిగించాను. డెబ్బై రెండేళ్ళు వచ్చినా పానా పట్టుకుంటే నా మణికట్టు ఇంకా మాట వింటోంది!

మొదటి వస్తువు మా పడగ్గది తలుపు పిడి. మా ఆవిడ ఇవ్వనంటే స్క్రూలు విప్పి తెచ్చేశాం. పిల్ల జుట్టు ముడి వేసుకుంది, కళ్ళద్దాలు పెట్టుకుంది, మూతికి మాస్కు కట్టుకుంది. నార చక్రం. కుట్టు చక్రం. వదులు చక్రం. పిడి వేడెక్కితే దించింది, చల్లారాక మళ్ళీ పట్టింది. నేను వెనక నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరం రాలేదు. ఆ చేతులు! చక్రానికి ఎంత ఆనించాలో ఆ చేతులకి ముందే తెలుసు. మోచేతులు ఒంటికి ఆనించి, ఎడమకాలు కాస్త వెనక్కి వేసి. అలా నిలబడమని నేను చెప్పలేదు. అలా నిలబడేవాణ్ణి ఒక్కణ్ణే చూశాను నేను.

పిడిని గుడ్డతో తుడిచి నా మొహం ముందు పెట్టింది. "చూడు నాన్నా, నువ్వు కనిపిస్తున్నావు."

గుండ్రటి పిడి. అందులో మొహం సాగి, ముడతలు పోయి, ముప్పై ఏళ్ళ వాడిలా ఉంది. అది నేను కాదు.

స్విచ్చు కట్టేశాం. చక్రం తిరుగుతూనే ఉంది. సుయ్... అని సన్నటి చప్పుడు, తగ్గుతూ, తగ్గుతూ. తమ్ముడు ఫ్యాక్టరీలో తన మిషనుకి అత్తగారు అని పేరు పెట్టాడు. "ఆపినా ఆగదు అన్నయ్యా, మా అత్తగారి నోరు లాగా" అనేవాడు. షెడ్డులో ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. ఇంట్లో ఫ్యాను ఆపినా అంతే, రెక్కలు పూర్తిగా ఆగేదాకా గదిలోంచి కదలను. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగరు. అలవాటైపోయింది.

పుల్ల తాకించి చూశాక పిల్ల చక్రం విప్పింది. నా బంగారుతల్లి.

మార్చి 13, గురువారం

అరిచాను. దాని మీద. జన్మలో ఎప్పుడూ అరవలేదు.

జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళి వచ్చేసరికి అటక ఖాళీ. నిచ్చెన మెట్లకి తనే మేకులు కొట్టుకుందట. షెడ్డు మధ్యలో బల్ల మీద ఆ మూట విప్పి ఉంది. నాలుగడుగుల ట్యూబులైటు పట్టీ, చోకూ, స్టార్టరూ, పాతకాలం తెల్ల రేకు. గోనె గుడ్డ నేను ఎలా చుట్టానో అలాగే మడతలతో పక్కన పడి ఉంది. పిల్ల దుమ్ము తుడిచి, ప్లగ్గులో పెట్టి, "చూడు నాన్నా, ఎన్నేళ్ళయిందో గానీ ఇంకా వెలుగుతోంది! మిషను మీద సరిగ్గా సరిపోతుంది" అంది.

వెలుగుతోంది. ఆ తెల్లటి వెలుగు.

"తీసెయ్! ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? బుద్ధుందా?" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ప్లగ్గు పీకేశాను. పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. నన్ను చూసింది, పట్టీని చూసింది. పిల్లని లోపలికి తీసుకెళ్ళింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి, "ముప్పై ఎనిమిదేళ్ళుగా అటక మీద ఏదో దాచావని నాకు తెలుసు. ఏంటని నేను అడగలేదు. అది అడుగుతుంది" అంది. మా ఆవిడ నన్ను నువ్వు అనడం పెళ్ళయ్యాక ఇది రెండోసారి.

మార్చి 14, శుక్రవారం

పాత వైరింగు ప్రమాదం కదా. అందుకే అరిచాను. షాకు కొట్టేది.

మార్చి 15, శనివారం

పాత వైరింగు అని చెప్పాను. పిల్ల నమ్మలేదు. కానీ అది అనుకున్నది వేరు. నేను కలలో కూడా ఊహించనిది.

చక్రాలన్నీ పెట్టెలో సర్దుతోంది. ఒక్కో చక్రం మీద తను రాసుకున్న అక్షరాలు, నలుపు, గోధుమ, తెలుపు.

"మంగళవారం కొట్టాయన వచ్చి మిషను తీసుకెళ్తాడు నాన్నా. ఫోను చేశాను."

"ఎందుకమ్మా? నేను అరిచినందుకా?"

"నువ్వు అరిచినందుకు కాదు. ఎందుకు అరిచావో అర్థమైంది." పెట్టె మూత వేసింది. "బ్రేకు కావాలంటావు. పుల్ల తాకించమంటావు. నేను పని చేస్తున్నంతసేపూ వెనకే నిలబడతావు. నిచ్చెన ఎక్కొద్దంటావు. వైరు ముట్టుకుంటే అరుస్తావు. నాకు తెలుసు నాన్నా. నీకు భయం. నేను ఆయన కూతుర్ని. నాలోనూ ఆ ఆదమరుపు ఉందని."

నేను బల్లకి ఆనుకున్నాను.

"నాకూ అదే భయం. ఎనిమిదేళ్ళప్పుడు పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతే, అచ్చం తండ్రి పోలికేనని అమ్మ అంది, గుర్తుందా? ఏదో చిరాకులో అంది. అప్పటి నుంచీ గడియ మూడుసార్లు చూసుకుంటున్నాను. మిషను ముందు నిలబడ్డప్పుడు ఎంత సంతోషమేసిందో తెలుసా? చేతులు వాటంతట అవే కదిలాయి. అందుకే భయమేసింది. ఎవరి చేతులు ఇవి అని."

లోపలికి వెళ్ళిపోయింది. గడియ మూడుసార్లు లాగిన చప్పుడు వినిపించింది.

ముప్పై రెండేళ్ళుగా నేను ఆ చప్పుడు వింటూ, ఎంత జాగ్రత్త గల పిల్ల అని మురిసిపోయాను.

మార్చి 16, ఆదివారం

రాస్తాను. ఎవరూ చదవరు కదా. రాస్తాను.

మా ఫ్యాక్టరీలో స్టీలు మూతలు చేసేవాళ్ళం. ముప్పై మిషన్లు ఒకే హాల్లో. ఒకడి మాట ఇంకొకడికి వినపడదు, సైగలే. ఒక్కో మిషను మీద ఒక్కో బల్బు వేలాడేది. పసుపు వెలుతురు. తమ్ముడి పక్క మిషను నాది. మూత మీద సన్నగీతలు కనపడక రోజూ రెండు మూడు వెనక్కి వచ్చేవి వాడికి. "కళ్ళు లాగేస్తున్నాయి అన్నయ్యా" అనేవాడు.

నా తమ్ముడి కళ్ళు లాగేస్తుంటే నేనెలా ఊరుకుంటాను? స్టోరు గుమాస్తా వెంటపడి, బతిమాలి, ఆఫీసుకని తెచ్చిన వాటిలో ఒక ట్యూబులైటు సంపాదించాను. మొత్తం హాల్లో అదొక్కటే. బుధవారం మధ్యాహ్నం బిగించాను. నేను స్టూలు ఎక్కాను, వాడు స్టూలు పట్టుకున్నాడు. "గట్టిగా పట్టుకోరా" అంటే, "పడితే ఒదిన నన్ను చంపేస్తుంది, పట్టుకోకుండా ఉంటానా" అన్నాడు. వెలిగింది. పగలు వచ్చినట్టయింది. మూత తిప్పి చూసి, నా వైపు తిరిగి, నవ్వాడు. ఆ సొట్ట.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి తాగాం. చెరి సగం. సంతోషంతో.

మర్నాడు పొద్దున, పని మొదలెట్టిన గంటకి. నా చేతిలో మూత ఉంది, తల తిప్పేసరికి అయిపోయింది. చక్రం మీద తెగిన నూలుపోగు ఒకటి వేలాడుతుంటే తియ్యబోయాడు. చొక్కా చెయ్యి ఇరుసుకి చుట్టుకుంది. అంతే రాస్తాను.

ఆఫీసులో గుమాస్తా అడిగాడు, "రాత్రి తాగాడా?" తాగాడు అన్నాను. నిజమే కదా. "పొద్దున వాసన వచ్చిందా?" నాకేం తెలుసు, నేనూ తాగానుగా, నా వాసన నాకు తెలుస్తుందా? కానీ ఆయన పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. వచ్చిందేమో అన్నాను. వచ్చింది అని రాసుకున్నాడు. కింద సంతకం పెట్టాను. అందరూ అన్నారని రాశాను కదా పైన. అందరూ ఆ కాగితం చూసి అన్నారు.

నాలుగో రోజు వాడి మిషను మీద నన్ను నిలబెట్టారు. వేశాను. తలెత్తి చూస్తే చక్రం ఆగి ఉంది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. కుట్లు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి. దాని మీద నూలుపోగు ఒకటి నిటారుగా నిలబడి ఉంది, తీసెయ్ అన్నట్టు. చెయ్యి చాపాను కూడా. చాపిన చేతిలో బ్రష్షు ఉండబట్టి, ముందు బ్రష్షు తగిలింది. హాలు అవతలి గోడకి వెళ్ళి కొట్టుకుంది.

తిరుగుతోంది. పూర్తి వేగంతో తిరుగుతోంది. ఆ ట్యూబులైటు వెలుతురులో ఆగినట్టు కనపడుతోంది, అంతే. ఎందుకో నాకు అప్పుడు తెలీదు. ఆ లైటు సెకనుకి వందసార్లు ఆరి వెలుగుతుందనీ, చక్రం వేగం దానికి సరిపడితే కన్ను మోసపోతుందనీ చాలా ఏళ్ళ తర్వాత ఒక ఎలక్ట్రీషియన్ చెప్పాడు. ముప్పై మిషన్ల హోరులో ఒకదాని చప్పుడు ఎవరికి వినపడుతుంది?

వాడు ఆదమరవలేదు. వాడికి మత్తు లేదు. వాడు ఆగిన చక్రాన్నే చూశాడు. నేను పెట్టిన వెలుతురులో.

ఆ రోజు సాయంత్రం అందరూ వెళ్ళాక పట్టీ విప్పి, గోనె గుడ్డలో చుట్టి, ఇంటికి తెచ్చాను. దాని స్థానంలో బల్బు పెట్టాను. ఎవరూ అడగలేదు. పారేయాలనే తెచ్చాను. పారేయలేకపోయాను. మర్నాటి నుంచీ పుల్ల.

చెబితే పిల్ల నాన్నా అంటుందా?

చెప్పకపోతే మంగళవారం మిషను పోతుంది. గడియ మూడుసార్లు లాగుతూ అది ముసలిదవుతుంది.

మార్చి 17, సోమవారం

మాటల్లో చెప్పే ధైర్యం లేకపోయింది. పొద్దున ఆ ఇద్దరూ లేవకముందే ట్యూబులైటు మిషను మీద నేనే బిగించాను. స్టూలు పట్టుకునేవాళ్ళు లేరు. కిటికీకి దుప్పటి కట్టాను.

పిల్లని పిలిచాను. పట్టీని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"రా అమ్మడూ. ఒక్కసారి మిషను వేస్తాను. నువ్వు చెవులు గట్టిగా మూసుకుని చక్రం చూడు. ఇక్కడే ఉండు, దగ్గరికి రాకు."

ఎర్ర స్విచ్చు నొక్కాను. రెండు అరచేతులతో చెవులు మూసుకుంది. చక్రం వేగం అందుకుంది. మసకబారింది. తర్వాత మెల్లిగా, నీళ్ళలోంచి తేలినట్టు, కుట్లు కనపడడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటీ. నిలబడిపోయాయి.

చేత్తో సైగ చేశాను. ఆగిందా, తిరుగుతోందా?

"ఆగింది" అంది, చెవులు మూసుకునే, పెద్దగా.

జేబులోంచి పుల్ల తీసి దాని చేతికి ఇచ్చాను. ఎడంగా నిలబెట్టి, మణికట్టు నేను పట్టుకుని, పుల్ల కొస తాకించాను.

టప్.

పుల్ల లేదు. పిల్ల చేతిలో వేలెడంత ముక్క మిగిలింది. దాని వైపు చూసింది. ఆగి ఉన్న చక్రం వైపు చూసింది. లైటు వైపు చూసింది. దానికి చెప్పక్కర్లేదు, చురుకైన పిల్ల. మిషను కట్టేశాను. చక్రం ఆగేదాకా ఇద్దరం కదల్లేదు. సుయ్...

"ఆయన తాగి లేడు" అంది.

"లేడు."

"ఆదమరవలేదు."

"లేదమ్మా. వాడంత జాగ్రత్త గలవాడు ఆ హాల్లో లేడు. నీకొచ్చిన చేతులు వాడివి. భయపడకు."

మళ్ళీ తలెత్తి ఆ పట్టీని చూసింది. తర్వాత, "లైటు ఎవరు పెట్టారు?" అంది.

"నేనే."

"తాగాడని చెప్పిందెవరు?"

"నేనే."

పుల్లముక్క బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 18, మంగళవారం

కొట్టాయన బండి వచ్చింది. పిల్ల గుమ్మంలో నిలబడి, "మిషను ఉంచుకుంటున్నాం. ఇంకో మాట, మా నాన్న ఆ రోజు తాగి లేడు. మీ నాన్నకి చెప్పండి" అంది.

"మా నాన్న పోయి ఐదేళ్ళయిందమ్మా."

"అయితే మీరు తెలుసుకోండి."

మా నాన్న అంది. తమ్ముణ్ణి. నా ఛాతీలో ఏదో తెగింది, ఏదో అతుక్కుంది. ఏది ఏదో తెలియడం లేదు.

నాతో మాట్లాడలేదు.

మార్చి 19, బుధవారం

మాట్లాడలేదు.

మార్చి 20, గురువారం

మాట్లాడలేదు. హాల్లో ఫోటో లేదు. వెతికితే షెడ్డులో ఉంది, మిషనుకి ఎదురుగా గోడ మీద. అద్దం తుడిచి ఉంది. దాని కింద చక్రాలు వరసగా మేకులకి వేలాడుతున్నాయి, మీద అక్షరాలు.

నిన్న పడుకునే ముందు గడియ ఒక్కసారే లాగింది. మా ఆవిడ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండోసారి కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాను. రాలేదు. ఏడుపొచ్చింది, ఎంత సంతోషమో చెప్పలేను.

మార్చి 23, ఆదివారం

మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నాను. పేపరు చేతిలో ఉంది, చదవడం లేదు. షెడ్డులోంచి కేక వినపడింది.

"పెదనాన్నా!"

ముందు అర్థం కాలేదు. ఎవర్ని పిలుస్తోంది? ఈ ఇంట్లో ఆ పేరుతో ఎవరూ లేరు.

"పెదనాన్నా, ఒకసారి రా."

వెళ్ళాను. ట్యూబులైటు పట్టీ విప్పి కింద పెట్టి ఉంది. గోనె గుడ్డ లేదు, ఇక దాయడానికి కాదు. పిల్ల చేతిలో బల్బు, నిండుగా వెలిగే మామూలు బల్బు. మిషను పక్కన స్టూలు. దాని కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా వైపు సూటిగా చూసింది. నలభై ఏళ్ళ పిలుపు ఒకటి వదిలేసి, సరైన పిలుపు పిలిచింది. అది శిక్షో, లెక్క సరిచేయడమో అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

"ఈ స్టూలు ఊగుతోంది. పట్టుకో" అంది.

ఎక్కింది. రెండు చేతులతో పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ఎదురుగా గోడ మీద తమ్ముడు. ఆ రోజు వాడు పట్టుకున్నది ఇలాగే. పైనుంచి పిల్ల, "గట్టిగా పట్టుకున్నావా?" అంది.

"పడితే మీ పెద్దమ్మ నన్ను చంపేస్తుంది. పట్టుకోకుండా ఉంటానా" అన్నాను.

ఎక్కడి మాటో దానికి తెలీదు. చిన్నగా నవ్వింది. నవ్వకూడదనుకుని నవ్వింది. బల్బు వెలిగింది. సొట్ట పడింది.

స్టూలు దిగాక మిషను వేసి, ఆపి, చక్రం వైపు చూస్తూ నిలబడింది. తర్వాత నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి, అడక్కుండానే, పుల్ల తీసుకుంది.